పోస్టాఫీసులో 30 ఏళ్ళు చేసిన డాన్సర్

సంపాదకులు గారికి నమస్కారం,

డాన్స్ డేకి మీరు వేసిన స్పెషల్ పేజీ చదివానండి, బాగుంది, కానీ అమెరికా డాన్సర్ ఫ్రాంకీ మానింగ్ పేరు ఎక్కడా లేదు, అది మనసులో మెదుల్తూనే ఉంది. నేను ఆర్‌ఎంఎస్‌లో (రైల్వే మెయిల్ సర్వీసు) ఉత్తరాల సార్టింగ్ చేసి రిటైరైన మనిషిని. మా మనవరాలు ఫోన్లో ఆయన వీడియో చూపిస్తూ తాతయ్యా ఈయన కూడా మీలాగే పోస్టల్ డిపార్ట్‌మెంటు అంది, అప్పట్నుంచి వదల్లేదు నన్ను.

ఆయన 1914లో ఫ్లోరిడాలో పుట్టారు, చిన్నప్పుడే అమ్మతో న్యూయార్క్ హార్లెమ్‌కి వచ్చేశారు. అక్కడ లెనక్స్ అవెన్యూలో సవాయ్ బాల్‌రూమ్ అని పెద్ద డాన్స్ హాలు, నల్లవాళ్ళు తెల్లవాళ్ళు ఒకే ఫ్లోర్ మీద ఆడే చోటు, ఆ రోజుల్లో అమెరికాలో అది మామూలు విషయం కాదు. లిండీ హాప్ అనే జంట డాన్స్ పెరిగింది అక్కడే. అప్పటిదాకా జంటలు నిటారుగా నిలబడి ఆడేవాళ్ళు, ఈయన మోకాళ్ళు వంచి పరుగెత్తబోతున్నవాడిలా ముందుకి వాలి ఆడేవారు. 1935లో ఒక పోటీలో ఫ్రీడా వాషింగ్టన్‌తో వీపుకి వీపు ఆనించి నిలబడి, చేతులు మెలేసుకుని, ఆయన వంగి ఆమెని తన వీపు మీదుగా తిప్పి ఎదురుగా దించారు, ఆమె కాళ్ళు నేలకి తాకింది సరిగ్గా చిక్ వెబ్ బ్యాండు దెబ్బ మీద. ఈ డాన్స్‌లో మనిషిని గాల్లోకి లేపడం ఆ రాత్రితోనే మొదలు.

1941లో హెల్జాపాపిన్ అనే హాలీవుడ్ సినిమాలో ఆయన గ్రూపు డాన్స్ ఉంది చూడండి, ఊపిరాడదు, కానీ వాళ్ళకి వేసిన బట్టలు మాత్రం వంటవాళ్ళవీ పనివాళ్ళవీ, అది చూస్తే బాధేస్తుంది. తర్వాత యుద్ధం, సైన్యంలో పసిఫిక్ వైపు వెళ్ళారు, తిరిగొచ్చేసరికి మ్యూజిక్కే మారిపోయింది, కొన్నాళ్ళు సొంత గ్రూపు నడిపి 1955లో మానేసి పోస్టాఫీసులో చేరారు. 30 ఏళ్ళు! చేతిలో అంత విద్య పెట్టుకుని రోజూ డ్యూటీకి వెళ్ళి రావడం అంటే ఏంటో నాకు కొంచెం తెలుసండి, నైట్ డ్యూటీలో మాతో పాటు సార్టింగ్ చేసిన ఒకాయన హరికథలు చెప్పేవాడు, ఆయన్ని మేము కూడా ఉత్తరాల కట్టలు కట్టే మనిషిగానే చూశాం.

1986లో కాలిఫోర్నియా నుంచి ఒకమ్మాయీ ఒకబ్బాయీ డాన్స్ నేర్పమని వెతుక్కుంటూ ఫోన్ చేస్తే, నేను పోస్టాఫీసులో పనిచేసే ఫ్రాంకీ మానింగ్‌ని అని చెప్పారట. అయినా చివరికి నేర్పడానికి ఒప్పుకున్నారు. అప్పటికి ఆయనకి 70 దాటాయి! ఆ తర్వాత స్వీడన్‌లో హెరాంగ్ అనే చిన్న ఊరితో సహా దేశదేశాలు తిరిగి నేర్పారు, 1989లో బ్రాడ్‌వే షోకి డాన్సులు కూర్చినందుకు టోనీ అవార్డు (అక్కడి నాటకాలకిచ్చే పెద్ద అవార్డు) వచ్చింది, పుట్టినరోజుకి ఎన్నేళ్ళు నిండితే అంతమంది ఆడవాళ్ళతో డాన్స్ చేసేవారు, 80కి 80 మంది, 85కి 85 మంది. 2009 ఏప్రిల్‌లో పోయారు, 95 నిండడానికి ఇంకా నెల ఉందనగా.

మే 26 ఆయన పుట్టినరోజు, ఆ రోజుకి అర పేజీ అయినా ఇవ్వండి సార్, ముందుకి వాలి ఆడుతున్న ఫొటో వేసి. ఆ కటింగ్ మా పెన్షనర్ల మీటింగుకి పట్టుకెళ్ళి అందరికీ చూపిస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సార్టింగ్ అసిస్టెంట్, విజయవాడ