బస్సు కిటికీలోంచి చెయ్యి

తిరుపతి,
ఆదివారం రాత్రి

ఒరేయ్ రమణా,

నీ మూడు ఉత్తరాలకూ జవాబు బాకీ ఉన్నాను. తిట్టుకో, కానీ ముందు ఇది విను. అమ్మ కులాసా. మిద్దె మరమ్మతు సగంలో ఉంది. సెలవు రేపటితో సరి.

మా ఫ్లయింగ్ స్కూల్లో చిత్తూరు అమ్మాయి ఉందని రాశాను కదా? మొన్న 4,000 అడుగుల ఎత్తులో తనతో మొదటిసారి స్టాల్ (రెక్కలు విమానాన్ని మోయలేక వదిలేయడం) చేయించాను. పవర్ తగ్గించి ముక్కు ఎత్తి పట్టుకోమన్నాను. వేగం పడిపోయింది, స్టాల్ హెచ్చరిక హారన్ అందుకుంది. మా చిన్న శిక్షణ విమానం సెస్నాకి ఎడమ రెక్క ముందు అంచున చిన్న రంధ్రం ఉంటుంది. అక్కడ గాలి పీల్చుకుపోతే లోపలి రీడ్ కూస్తుంది. అచ్చం అర్ధరాత్రి హాస్టల్లో నీ మౌత్ ఆర్గాన్! (వార్డెన్ సంగతి రాయనులే.) విమానం వణికి ఎడమ రెక్క వాలింది. ఆ పిల్ల కంట్రోలు వెనక్కి లాగి, కుడికి తిప్పేసింది. రెండూ తప్పే. అలా తిప్పితే వాలిన రెక్క గాలికి ఇంకా ఎక్కువ కోణంలో నిలబడి మరింత వాలుతుంది. నేను అందుకుని ముక్కు దించి, పెడల్‌తో తిరుగుడు ఆపి, పవర్ ఇచ్చాను. దిగాక ఒకటే ప్రశ్న: "పడిపోతుంటే ఇంకా కిందికి వంచమంటారేమిటి సార్?" మర్నాడే ఇంటికి వచ్చేసింది.

నిజానికి తప్పు నాది. "ముక్కు దించు" అని మంత్రంలా వల్లెవేయించానే గానీ... సరే. 2009లో అట్లాంటిక్‌లో కూలిన ఎయిర్ ఫ్రాన్స్ విమానంలో 228 మంది పోయారు. హెచ్చరిక మోగుతున్నా ముక్కు ఎత్తే ఉంచారు. వాళ్ళు వేల గంటలు ఎగిరినవాళ్ళు, ఈ పిల్ల ఎంత?

నిన్న చిత్తూరు వెళ్ళాను. వాళ్ళమ్మ పెట్టిన రాగి సంగటి గురించి వేరే ఉత్తరం రాయాలి. తిరుగు బస్సులో తనూ తిరుచానూరు గుడికని బయలుదేరింది. చంద్రగిరి దగ్గర బస్సు వేగం అందుకోగానే అరచెయ్యి బయట పెట్టమన్నాను. ముందు అంచు కాస్త ఎత్తితే చెయ్యి పైకి లేచింది. ఇంకాస్త ఎత్తితే ఇంకా లేచింది. హద్దు దాటగానే లేవడం మానేసి వెనక్కి కొట్టుకుపోయింది. రెక్క గాలికి నిలబడే కోణానికి ఆ హద్దు సుమారు 15 డిగ్రీలు. అసలు శత్రువు కోణం, వేగం కాదు. విమానాన్ని పక్కకి 60 డిగ్రీలు వాల్చి ఎత్తు తగ్గకుండా మలుపు తిరిగితే, 48 నాట్ల వేగంలో స్టాల్ అయ్యేది 68 దగ్గరే అవుతుంది. "అయితే కోణం తగ్గిస్తే..." అంటూ తనే చెయ్యి వాల్చింది. మళ్ళీ లేచింది! ఆ ముఖం నువ్వు చూడాల్సింది.

ఇంతలో కండక్టర్: "పెద్దవారు, మీరే నేర్పిస్తున్నారా సార్? చెయ్యి లోపల పెట్టించండి!" బస్సంతా నవ్వు.

రేపు నా రైలుకే తనూ వస్తానంది. టికెట్ దొరికిందో లేదో... అమ్మ లైటు ఆర్పమంటోంది. ఆ మౌత్ ఆర్గాన్ ఇంకా ఉంటే