641 దొరికిన దారి

ఒరేయ్ శీనూ,

మొన్న ఫోన్లో అడిగావు గుర్తుందా, పది అంకెల సంఖ్య ఇచ్చి ఇది ప్రధాన సంఖ్యా కాదా అంటే కాలిక్యులేటర్ లేకుండా ఎవడైనా చెప్పగలడా అని. అప్పుడు మా పిల్లది ఏడుస్తోందని పెట్టేశాను గానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. చెప్పగలడురా, 1732లో ఆయిలర్ అనే గణితవేత్త అలాంటి ఒక సంఖ్య ప్రధాన సంఖ్య కాదని తేల్చాడు.

ఆ సంఖ్య 4294967297, అంటే 429 కోట్ల 49 లక్షల 67 వేల 297. ఇది 2³² + 1. దీనికి ముందు 2², 2⁴, 2⁸, 2¹⁶లకి ఒకటి కలిపితే 5, 17, 257, 65537 వస్తాయి, అన్నీ ప్రధాన సంఖ్యలే, అందుకని ఇదీ అంతే అయ్యుంటుందని ఫెర్మా అనే ఫ్రెంచి గణితవేత్త 1640లో తన మిత్రుడు ఫ్రెనికల్‌కి ఉత్తరం రాశాడు. రుజువు తన దగ్గర లేదని కూడా చెప్పాడు, అది నాకు చాలా నచ్చింది.

మామూలు పద్ధతిలో వెళ్తే వర్గమూలం దాకా, అంటే 65536 లోపు ఉన్న 6542 ప్రధాన సంఖ్యలతో ఒక్కొక్కటిగా భాగించి చూడాలి. ఎవరికి ఓపిక? ఇక్కడే అసలు అందం. p అనే ప్రధాన సంఖ్య మన సంఖ్యని నిశ్శేషంగా భాగిస్తుందనుకో. అప్పుడు pతో భాగిస్తే 2³²కి శేషం −1 (అంటే నిశ్శేషం కావడానికి ఒకటి తక్కువ), దాని వర్గం 2⁶⁴కి శేషం 1. 32వ అడుగులో −1 వచ్చింది కాబట్టి, 2ను హెచ్చించుకుంటూ పోతే 64 అడుగులకోసారి మాత్రమే శేషం 1 వస్తుంది. కానీ p−1వ అడుగులో కూడా 1 రావాలని ఒక సూత్రం ఉంది కదా, కాబట్టి p−1 తప్పకుండా 64కి గుణిజం. ఇక 64 ఎక్కం రాసుకుని ఒక్కోదానికి ఒకటి కలుపు, అందులో ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641. ఐదో ప్రయత్నానికే దొరికేసింది!

నమ్మకపోతే భాగహారం కూడా అక్కర్లేదు. 641 అంటే 5×2⁷ + 1, కాబట్టి 5×2⁷కి శేషం −1, నాలుగో ఘాతం చేస్తే 5⁴×2²⁸కి శేషం 1. అదే 641 అంటే 5⁴ + 2⁴ కూడా, 625కి 16 కలిపి చూసుకో. కాబట్టి 5⁴ ఉన్నచోట −2⁴ పెట్టు, −2³²కి శేషం 1 అని వస్తుంది, అంటే 2³² + 1కి శేషం సున్నా. ఇది మొదటిసారి కాగితం మీద చేసినప్పుడు రాత్రి పన్నెండైంది, నాకు నిద్ర పట్టలేదురా.

నన్ను కలచివేసిన సంగతి ఇంకోటి. ఆ p−1 సూత్రం ఎవరిదనుకున్నావ్? ఫెర్మాదే! అదే 1640లో, అదే ఫ్రెనికల్‌కి రాసిన మరో ఉత్తరంలో ఉంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే, పాపం ఐదు భాగహారాల దూరంలో ఆగిపోయాడు.

రెండో కారణాంకం 6700417, అదీ ప్రధాన సంఖ్యే. 64తో భాగించి చూడు, శేషం 1 రావాలి. తర్వాతిది 2⁶⁴ + 1, 20 అంకెలు, దాన్ని 1880లో లాండ్రీ అనే ఫ్రెంచి గణితవేత్త విడగొట్టాడు, 82 ఏళ్ల వయసులో! ఆయన గురించి వచ్చే ఉత్తరంలో రాస్తా. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ,
రాజు