రాత్రి పదిన్నరకు హోంవర్క్ పంపితే ఫోన్ ఎలా పక్కన పెడతారు?

సంపాదకులకు నమస్కారం.

నగరంలో అనేక స్కూళ్లు, జూనియర్ కాలేజీలు హోంవర్కునూ, మర్నాటి స్లిప్ టెస్ట్ సిలబస్‌నూ రాత్రి పది దాటాక వాట్సాప్ గ్రూపుల్లో పెడుతున్నాయి. పేరెంట్స్ మీటింగ్‌లో మళ్లీ అవే సంస్థలు ‘మీవాడు ఫోన్ వదలడం లేదు, కాస్త చూసుకోండి’ అంటున్నాయి. ఈ రెండూ పొసగవు.

తనను తాను ఆపుకోవడం, ఒకే పనిపై దృష్టి నిలపడం ప్రధానంగా నుదుటి వెనకుండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ పని. అది పూర్తిగా ఎదగడానికి ఇరవై అయిదేళ్ల దాకా పడుతుంది. కొత్తదనానికీ, తోటివాళ్ల మెప్పుకూ స్పందించే లోపలి భాగాలు మాత్రం పదిహేనేళ్లకే జోరు మీదుంటాయి. రీల్స్‌కు ముగింపు లేదు, తర్వాత ఏదొస్తుందో తెలియదు. పెద్దవాళ్లకే వేలు ఆగదు. పిల్లలకు ఫోన్ ఇచ్చి ‘మనసు అదుపులో పెట్టుకో’ అంటే, ఇంకా తయారవుతున్న భాగం మీదే భారమంతా వేసినట్టు.

ఫిజిక్స్‌లో వాలుతలం మీద దిమ్మె లెక్కే తీసుకోండి. ద్రవ్యరాశి, కోణం, ఘర్షణ గుణకం, ఘర్షణ పైకా కిందికా అన్నది, ఈ నాలుగూ ఒకేసారి మనసులో పట్టి ఉంచాలి. మనసు ఒక్కసారిగా పట్టుకోగలిగేది కూడా దాదాపు అంతే. అప్పుడు గ్రూపులో టింగ్‌మంటుంది. చూసి తిరిగొచ్చేసరికి ఘర్షణ దిశ జారిపోయి ఉంటుంది, మళ్లీ పటం గీయడం దగ్గర్నుంచి మొదలు. గంటసేపు కూర్చున్నా రెండు లెక్కలు తెగకపోవడానికి ఇదొక కారణం. దాన్ని బద్ధకమనడం అన్యాయం.

నిద్ర సంగతి ఇంకా తీవ్రమైనది. నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ ఈ వయసులో గంట నుంచి రెండు గంటలు ఆలస్యంగా విడుదలవుతుంది. 13 నుంచి 18 ఏళ్ల వారికి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆరున్నరకు కాలేజీ బస్సెక్కే అమ్మాయి అయిదున్నరకు లేవాలి. ఎనిమిది గంటలు పడాలన్నా రాత్రి తొమ్మిదిన్నరకల్లా నిద్రపోవాలి. ఆ పిల్లకు పదిన్నరకు మెసేజ్! అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2014లోనే ఉదయం 8.30 కంటే ముందు హైస్కూళ్లు మొదలుపెట్టొద్దని సూచించింది. నిద్ర చాలని పిల్లలకూ, ఏకాగ్రత లోపమున్న పిల్లలకూ క్లాసులో పెద్ద తేడా కనిపించదు.

ఇంట్లో చేయగలిగింది ఉంది. తొమ్మిదికి ఫోన్లన్నీ హాల్లో ఒకేచోట ఛార్జింగ్‌కు పెట్టాలి, అమ్మానాన్నలవి కూడా. ‘అలారం కోసం’ అనే మాట రాకుండా బ్యాటరీ గడియారం కొనండి. సైలెంట్‌లో బోర్లా పెట్టడం చాలదు, చెయ్యి అటే పోతుంది. యాప్ వాడకానికి హద్దు పెట్టే టైమర్ పిల్లల ఫోన్లోనే ఉంటే రెండు నొక్కులతో తీసేస్తారు. అరగంట చదివాక అయిదు నిమిషాల విరామంలో నీళ్లు తాగాలి, నాలుగడుగులు వేయాలి. రీల్ పెడితే ఆ అయిదు నిమిషాలు ముప్పై అవుతాయి. ఒక్కసారిగా లాక్కోకండి, గొడవే మిగులుతుంది. మొదట ఒక్క గంట ఫోన్ పక్కన పెట్టడంతో మొదలుపెట్టండి. మొదటి వారం చిరాకు సహజం.

పన్నెండేళ్ల లోపు నుంచే ఇంట్లోనూ బడిలోనూ దృష్టి నిలవని పిల్లల విషయం వేరు. అక్కడ తప్పు ఫోన్ మీదికి నెట్టకుండా మానసిక వైద్యులకు చూపించాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

విద్యాసంస్థలు చేయాల్సింది తేలికైనదే. హోంవర్క్ క్లాసులోనే డైరీలో రాయించాలి. గ్రూపులో తల్లిదండ్రుల నంబర్లే ఉంచి, అడ్మిన్ మాత్రమే పోస్ట్ చేసేలా సెట్ చేయాలి. సాయంత్రం ఆరు తర్వాత చదువు మెసేజ్ ఏదీ వెళ్లకూడదు. ఆలస్యంగా తట్టిన పని మర్నాటికి వాయిదా వేయాలి. ఈ గడువును ఇంటర్ బోర్డు, జిల్లా విద్యాధికారులు రాతపూర్వకంగా ఆదేశించాలని కోరుతున్నాను.

– విద్యార్థుల కౌన్సెలర్, నల్లకుంట, హైదరాబాద్