కోలాటానికి ఇంకా ఇద్దరు కావాల

ఎడిటర్ గారికి నమస్కారం,

వినాయక చవితి దగ్గరికొస్తాంది, మా కడపలో వీధి వీధికీ చందా పుస్తకాలు బయటికొచ్చినాయి. పోయిన వారం మా వీధి పిల్లోళ్ళు వచ్చి అడిగితే నేనూ ఇచ్చినా, ఇచ్చి ఈసారి దేనికి ఖర్చు పెడతారు నాయనా అంటే, డీజేకే సగం పోతాది అక్కా అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి మనసులో ఒకటే తిరుగుతాంటే ఈ ఉత్తరం రాస్తాండా.

మా వీధిలో 42 ఇండ్లు ఉండాయి. పులివెందుల నుంచి కొందరు, బద్వేలు నుంచి కొందరు, మేం లక్కిరెడ్డిపల్లె దిక్కు నుంచి, పిల్లోళ్ళ చదువులకని అందరం వచ్చి ఇండ్లు కట్టుకున్నోళ్ళమే. పల్లెలో అయితే అరుగు మీద కూర్చుంటే ఊరంతా తెలుస్తాది, ఈడ గేటు వేసుకుంటే పక్కింట్లో ఎవరున్నారో కూడా తెలీదు. ఒకరితో ఒకరం మాట్లాడేదంటే నీళ్ళొచ్చినప్పుడు మోటార్ల దగ్గర, అదీ కొట్లాటే. నాకూ ఎదురింటామెకూ అట్లనే మాటా మాటా పెరిగి ఏడాదిన్నర మాటల్లేవు.

మూడేండ్ల కింద మా వీధి చివర రామాలయం దగ్గర ఒక మాస్టర్ కోలాటం నేర్పిస్తా అని వచ్చినాడు. పల్లెల్లో చెక్కభజన, పండరి భజన నేర్పించే పెద్దాయన. మా జేజి ఊర్లో చెక్కభజన జరిగితే తెల్లవార్లూ కూర్చునేది, ఆ గజ్జెల చప్పుడు నాకు ఇంకా చెవుల్లో ఉండాది, అందుకే ముందు పేరిచ్చింది నేనే. మొదట్లో ఆరు మందిమి, తర్వాత పదహారు మందిమైనాం.

కోలాటం సంగతి తెలీనోళ్ళకు రొంత చెప్తా. లోపల ఒక వరుస, బయట ఒక వరుస గుండ్రంగా నిలబడి ఎదురెదురు వాళ్ళు కోలలు తగిలిస్తారు, పాటలో ఒక చరణం అయినాక బయటి వరుస ఒక అడుగు జరుగుతాది, అంటే జత మారిపోతాది. పాట అయిపొయ్యేలోపల లోపలి వరుస వాళ్ళు బయటి వరుస వాళ్ళందరికీ ఎదురు నిలబడాల్సిందే, తప్పించుకునే దారే లేదు. అట్ల ఒక సాయంత్రం ఎదురింటామె నాకెదురొచ్చింది. ఆమె మొగం చూడకుండా కోల కొడితే దెబ్బ వేలికి తగుల్తాది కాబట్టి చూడక తప్పలేదు. రెండు చుట్లు తిరిగినాక ఆమే అనింది, "ఎడమ కాలు ముందు పెట్టు, అందుకే నీకు తప్పుతాంది" అని. ఏడాదిన్నరకు మా మధ్య మొదటి మాట అది. ఇప్పుడు నీళ్ళొస్తే వాళ్ళ పిల్లోడే వచ్చి మా గేటు కొట్టి చెప్తాడు.

టైలరింగ్ చేసే ముస్లిం అక్క ఒకామె మాతో ఆడతాది, మాకందరికంటే అడుగు బాగా పడేది ఆమెకే. దేవుని పాటలకు నువ్వొస్తే మీ ఇంట్లో ఏమన్నా అనరా అని ఎవరో అడిగితే, ఉగాదికి మేం దేవుని కడప వెంకటేశ్వరస్వామి గుడికి పోమా, మీరు పెద్ద దర్గా ఉరుసుకు రారా, ఇదేం కొత్త అనింది. నిజమే, ఉగాది పొద్దున ఆ గుడిలో ముస్లింలు ఎంతమంది ఉంటారో కడపలో ఉండేటోళ్ళకు చెప్పాల్సిన పని లేదు.

మాటలన్నోళ్ళు లేకపోలేదు. ఆడోళ్ళు నడి వీధిలో ఎగరడమేంది అని మా ఇంట్లోనే అన్నారు. అట్ల అనేటోళ్ళకు ఒకటి గుర్తు చేస్తా. 1885లో మన జిల్లాలోనే, సురభి అనే పల్లెలో, తోలుబొమ్మలు ఆడించుకునే కుటుంబం వాళ్ళు పెళ్ళిలో నాటకం ఆడినారు, అదే తర్వాత సురభి నాటకమైంది. మొగోళ్ళే ఆడ వేషాలు కట్టే ఆ కాలంలో ఆ ఇంటి ఆడోళ్ళు స్టేజీ ఎక్కినారు. మన రాజంపేట పక్కనుండే తాళ్ళపాకలో పుట్టిన అన్నమయ్య కూడా పెద్ద పెద్ద కీర్తనలతో పాటు సువ్వి పాటలు, జాజర పాటలు, లాలి పాటలు రాసినాడు, అవి ఆడోళ్ళు పని చేసుకుంటా, ఆడుకుంటా పాడుకునే వరసలే కదా. ఇంత ఉన్న జిల్లాలో మేం గుడి ముందర కోలలు పడితే తప్పెట్ల అయితాదో నాకర్థం కాదు.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట జడకోలాటం గురించి. పైన కట్టిన తాళ్ళు మనిషికొకటి పట్టుకోని, సగం మంది ఇటు సగం మంది అటు, ఒకరి కిందుగా ఒకరు దూరుకుంటా తిరుగుతాంటే పైన జడ అల్లుకుంటాది, మళ్ళా అవే అడుగులు వెనక్కి వేస్తే విడిపోతాది. ఒక్కరు తప్పినా చిక్కు పడతాది, ఒక్కరు రాకపోయినా ఒక తాడు ఊరికే వేలాడతా కనపడతాది. పోయిన వర్షాకాలంలో అట్ల ఒక తాడు వేలాడింది. ఆమె ఎప్పుడూ మానే మనిషి కాదే అని ఇద్దరం ఇంటికి పోతే, మొగుడు కువైట్‌లో, ఈమె ఒక్కతే కాలిపోయే జ్వరంతో మంచం మీద పడుండాది, రెండు దినాల నుంచి నోట్లోకి ఏం పోలేదు. స్కూటీ మీద మధ్యలో కూర్చోబెట్టుకోని ఆస్పత్రికి తీసుకపోయినాం. డెంగీ అన్నారు, ప్లేట్‌లెట్స్ పడిపోయినాయి అన్నారు. వారం రోజులు వంతులేసుకోని క్యారియర్లు మోసినాం. ఆ తాడు లేకపోతే ఆమె రాలేదని ఎవరికి తెలుస్తాది?

డీజే బండి ముందర నూరు మంది ఎగురుతారు, దాంట్లో ఒకరు రాకపోతే పక్కోళ్ళకు కూడా తెలీదు. ఆ సౌండుకు ముసలోళ్ళు, గుండె జబ్బులోళ్ళు పడే బాధ అందరికీ తెలిసిందే. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా లౌడ్ స్పీకర్లు పెట్టకూడదని 2000 నాటి రూల్సే ఉండాయి. కోలలకు మైకు అక్కర్లేదు, కరెంటు పోయినా ఆగదు. పిల్లోళ్ళ మీద నాకు కోపం లేదు, వాళ్ళకు ఇంకోటి నేర్పించింది ఎవరు? అందుకే చందా వసూలు చేసే కమిటీలన్నిటినీ అడుగుతాండా, డీజేకిచ్చే దాంట్లో సగం ఒక చెక్కభజన గురువుకో, కోలాటం మాస్టర్‌కో ఇచ్చి నెల ముందు నుంచే మన పిల్లోళ్ళకు నేర్పించండి, నిమజ్జనం రోజు వాళ్ళే ముందర నడుస్తారు. ఇట్ల నేర్పించేటోళ్ళు పల్లెల్లో ఇంకా ఉండారు, పిలిచేటోళ్ళే తగ్గినారు. కార్పొరేషన్ వాళ్ళను కూడా ఒకటి అడగాల, పార్కుల్లో, గుడుల దగ్గర ఖాళీ స్థలాల్లో సాయంత్రం రెండు లైట్లు వేయించండి, మేం ఇప్పుడు సెల్ ఫోన్ లైట్లు గోడ మీద పెట్టుకోని ఆడతాండాం.

ఈ ఏడు మాకు ఇద్దరు తగ్గినారు. ఒకామె కువైట్‌కు పనికి పోయింది, ఇంకొకామె కూతురి కాన్పని బెంగళూరు పోయింది. పద్నాలుగు మందితో జడ అల్లుతాండాం గానీ రెండు తాళ్ళు పైకి చుట్టిపెట్టినాం. మా వీధోళ్ళే కావాలని లేదు, పక్క వీధోళ్ళైనా రావచ్చు. సాయంత్రం ఆరున్నరకు రాండి, కోలలు మా దగ్గరే ఉండాయి.

ఇట్లు,
ఒక గృహిణి,
కడప