మరిగిస్తే సీసం పోదురా

ఒరేయ్ రాజూ,

నీ ఉత్తరం అందింది. పాత ఇల్లయినా మీకు నచ్చిందని, పాప అప్పుడే బోర్లా పడుతోందని చదివి ఎంత సంతోషమేసిందో. కానీ ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. "నీళ్ల గురించి టెన్షన్ లేదు, పాపకి డబ్బాపాలు కలిపే నీళ్లు పది నిమిషాలు మరిగిస్తున్నాం" అన్నావు చూడు, అక్కడ. అంత పాత ఇల్లంటే లోపలి గొట్టాలు కూడా ఆనాటివే అయ్యుంటాయి కదరా, వాటిలోంచి ఒంటికి చెరుపు చేసే సీసం నీళ్లలోకి దిగొచ్చు.

మరిగిస్తే క్రిములు చస్తాయి. సీసం లోహం, అది ఎక్కడికీ పోదు. నీళ్లు ఆవిరై తగ్గుతాయి, సీసం మాత్రం ఎంతుందో అంతా గిన్నెలోనే ఉండిపోతుంది. అంటే మిగిలిన నీళ్లలో దాని గాఢత పెరుగుతుంది. ఈ సంగతి మూడేళ్ల కిందటి దాకా నాకూ తెలియదు.

అప్పట్లో మా ఇంట్లో ఏం జరిగిందో నీకు సరిగ్గా చెప్పనేలేదు. వంటగదిలో సింకు కింద చెమ్మగా ఉంటోందని టార్చి పట్టుకుని దూరాను. అతుకు దగ్గర ఉబ్బెత్తుగా, బూడిదరంగులో ఒక గొట్టం కనిపించింది. తాళంచెవితో గీకితే ఇట్టే గీత పడింది, గీత లోపల వెండిలా తళతళా మెరిసింది. ఫ్రిజ్ మీది అయస్కాంతం తెచ్చి ఆనిస్తే అంటుకోలేదు. ఇనుమైతే అంటుకునేది, రాగి అయితే గీకిన చోట ఎర్రగా కనిపించేది. అది సీసపు గొట్టం. అన్నేళ్లూ ఆ నీళ్లే తాగాం. రంగు లేదు, వాసన లేదు, రుచిలో తేడా లేదు. ఇంక అనుమానం ఎలా వస్తుంది చెప్పు?

ల్యాబుకి వెళ్తే రెండు సీసాలిచ్చారు. ఒకటి తెల్లవారాక ఇంట్లో ఎవరూ ఏ కుళాయీ తిప్పకముందే పట్టాలన్నారు, రెండోది నీళ్లు కాసేపు వదిలాక. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకి 10 మైక్రోగ్రాములు. మొదటి సీసా దాన్ని దాటేసింది, రెండోది చాలా కిందే ఉంది. అవే నీళ్లు, అదే కుళాయి. రాత్రంతా ఆ గొట్టంలో నిలవున్నాయా లేదా అన్నదే తేడా. నీళ్లు మన గుమ్మం దాకా బాగానే వచ్చి, చివరి నాలుగు గజాల్లో పాడవుతున్నాయన్నమాట. సీసపు గొట్టం కాకపోయినా పాత టంకం అతుకుల్లోంచి, ఇత్తడి కుళాయిల్లోంచి కూడా దిగుతుంది.

నీళ్ల గుణాన్ని బట్టి కూడా ఉంటుంది. అమెరికాలో ఫ్లింట్ అనే ఊళ్లో 2014లో నీళ్లు తెచ్చే చోటు మార్చి నదినీళ్లు ఇచ్చారు. గొట్టాలు తినుకుపోకుండా కలపాల్సిన మందు కలపలేదు. లోపల ఏళ్ల తరబడి కట్టిన పొర ఊడి సీసం ఇళ్లలోకి వచ్చేసింది. గొట్టాలు మాత్రం పాతవే, అప్పటికి ఎవరూ మార్చలేదు.

మీ పాప గురించే నా దిగులంతా. దాని కడుపులోకి వెళ్లేది దాదాపు అంతా నీళ్లతో కలిపిన పాలే. పైగా పసిపిల్లల ఒళ్లు పెద్దవాళ్ల కంటే ఎక్కువ సీసాన్ని పీల్చుకుంటుంది. ఒంట్లో కాల్షియం, ఐరన్ తక్కువైతే ఇంకా ఎక్కువ. ఒళ్లు దాన్ని కాల్షియం అనుకుని ఎముకల్లో దాచుకుంటుంది. ఎదిగే మెదడుకి అది చేసే చెరుపు మళ్లీ సరి కాదు. పిల్లలకి ఇంతవరకు పరవాలేదు అనే లెక్కంటూ ఏదీ లేదు. భయపెట్టాలని కాదురా, ఈ పూటే మొదలుపెడతావని రాస్తున్నాను.

పరీక్ష ఫలితం వచ్చేదాకా పాప పాలకి బాటిల్ నీళ్లు కొను. ఫిల్టర్ కొంటే పెట్టె మీద ఎన్‌ఎస్‌ఎఫ్ 53 అని (అది నీటి ఫిల్టర్ల ప్రమాణం పేరు), దాని కింద సీసం పేరు విడిగా రాసి ఉందో లేదో చూడు. రుచి కోసం అమ్మే ఫిల్టర్ జగ్గులు అన్నీ సీసాన్ని ఆపుతాయనుకోకు. ఆర్వో కూడా పనిచేస్తుంది. ఏది కొన్నా లోపలి కార్ట్రిడ్జ్ గడువు దాటనివ్వకు. తాగడానికీ వంటకీ చన్నీళ్ల కుళాయే వాడండి, వేణ్ణీళ్లు సీసాన్ని ఎక్కువ కరిగించుకుంటాయి. పొద్దున్నే నీళ్లు చల్లబడేదాకా వదిలి, ఆ తర్వాతే పట్టుకోండి. వదిలిన నీళ్లు బకెట్లో పట్టి ఇల్లు తుడవడానికి వాడుకోవచ్చు. స్నానానికి భయం లేదు, సీసం చర్మంలోంచి పెద్దగా దిగదు. కుళాయి మూతికుండే చిన్న జల్లెడ విప్పి కడుగు. మాది విప్పితే ఇసుక రేణువుల్లాంటి నల్లటి పొడి అరచేతిలో పడింది.

ఇంకోటి, మేము చేసిన పొరపాటు నువ్వు చెయ్యకు. డబ్బు కలిసొస్తుందని ముందు సగం గొట్టమే మార్పించాం. ఆ కోతకి, కదలికకి మిగిలిన సగంలోని పొర రాలి, తర్వాతి పరీక్షలో సీసం ఇంకా పెరిగింది. మారిస్తే మొత్తం మార్పించు. పని అయ్యాక కొన్నాళ్లు ఫిల్టర్ తియ్యకు.

పాప డాక్టర్‌కి ఇల్లు పాతదని చెప్పి, రక్తంలో సీసం పరీక్ష రాయించు. చెల్లెమ్మని కంగారు పెట్టకుండా నువ్వే నెమ్మదిగా చెప్పు.

ఈ ఉత్తరం మడిచి పక్కన పెట్టి తాళంచెవి తీసుకుని సింకు కిందకి దూరు. గీకిన చోట ఏ రంగు కనిపించిందో చూసి వెంటనే నాకు ఫోన్ చెయ్. ఎంత పొద్దుపోయినా సరే, మెలకువగానే ఉంటాను.

నీ
సూరి