ఈవీఎం ఆరోపణలు, టీవీ డిబేట్లు: ఎన్నికల అధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం. గుంటూరు బ్రాడీపేటలో ఉండే ఒక ఓటరుని. ఇదే విషయం మీద ముందు అర్జీ పెట్టాను, మెయిల్ చేశాను, జవాబు రాలేదు కాబట్టి నలుగురూ చూసేలా ఇక్కడ రాస్తున్నాను.

2019లో చంద్రబాబు గారు ఈవీఎంల మీద అనుమానాలు లేవనెత్తారు, 2024లో ఓడిపోయాక జగన్ గారు పేపర్ బ్యాలెట్ కావాలన్నారు, రెండుసార్లూ చాలా చానళ్ల తీరు ఒకటే, తమకి నచ్చిన నాయకుడైతే ప్రజాస్వామ్య యోధుడు, నచ్చకపోతే ఓటమి ఒప్పుకోలేనివాడు. 2025లో రాహుల్ గాంధీ గారు బెంగళూరు మహదేవపుర ఓటర్ల జాబితా గురించి మాట్లాడినా అదే తంతు. ఆరోపణలో పస ఉందో లేదో చూసేవాళ్లేరి? అసెంబ్లీ నియోజకవర్గానికి 5 బూత్‌ల వీవీప్యాట్ (ఓటు ఎవరికి పడిందో చీటీ మీద చూపే మిషన్) స్లిప్పులు లెక్కపెడతారని, బూత్‌లో పోలైన ఓట్ల లెక్క ఫారం 17సీలో ఏజెంట్లకి ఇస్తారని, 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక రెండు, మూడు స్థానాల్లో ఉన్న అభ్యర్థులు 7 రోజుల్లోపు అడిగితే 5 శాతం ఈవీఎంలు చెక్ చేయించుకోవచ్చని, గంటసేపు అరుచుకునే డిబేట్‌లో నాకైతే ఎప్పుడూ వినపడలేదు.

దెబ్బ తగిలేది ఆ అరిచేవాళ్లకి కాదండి. పోలింగ్ డ్యూటీ చేసి అర్ధరాత్రి దాకా మిషన్లు అప్పజెప్పి వచ్చిన టీచరమ్మని వీధిలో "మీరేగా మార్చింది" అంటారు. కుర్రాళ్లేమో అసలు ఓటెందుకు అంటున్నారు. అనుమానం అడగటం తప్పు కాదు, నేనూ అడుగుతా.

అందుకే మా డిమాండ్, ఏ పార్టీవాళ్లు ఆరోపణ చేసినా 48 గంటల్లో మీరే ప్రెస్‌మీట్ పెట్టి ఆ బూత్ 17సీ, ఫారం 20 (బూత్‌ల వారీగా ఎవరికెన్ని ఓట్లొచ్చాయో చూపే ఫలితాల పట్టీ) విలేకరుల చేతికివ్వండి, వెబ్‌సైట్‌లోనూ పెట్టండి. ఈ లేఖకి రాతపూర్వకంగా జవాబివ్వగలరు.

ఇట్లు,
ఒక ఓటరు, గుంటూరు