లిఫ్ట్ దగ్గర మూడు నిమిషాలు

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి నెలన్నర దాటింది. తప్పు నాదే రా. కాకినాడ వచ్చినప్పుడు కాజాలు తింటూ తిట్టుకో. అమ్మకి కంటి ఆపరేషన్ బాగా జరిగింది. ఇల్లు మారాం. చెల్లి సంబంధం ఇంకా తేలలేదు. అవన్నీ తర్వాత. ముందు ఇది విను, చెప్పకపోతే నిద్ర పట్టేలా లేదు.

ఎండీ తర్వాత చేస్తున్న ఈ డీఎం చదువులో నా థీసిస్ టాపిక్ మారిపోయింది! పసిపిల్లల ఊపిరితిత్తుల అల్ట్రాసౌండ్ మీద ఇరవై పేజీలు రాసి ఇక్కడి మా గైడ్ మేడమ్ ముందు పెట్టాను. ప్రతి పేజీ చదివారు రా. ఎండీలో మా గైడ్ సంతకం పెట్టారే గానీ లోపల ఏముందో చూడలేదు, నీకు తెలుసుగా. మేడమ్ చదివి, "ఈ ప్రశ్న నీకు ఎక్కడ పుట్టింది?" అన్నారు. "పేపర్లు చదువుతుంటే మేడమ్" అన్నాను. "రేపు ఆపరేషన్ థియేటర్ (ఓటీ) నుంచి ఒక బిడ్డతో పసిపిల్లల ఐసీయూ (ఎన్ఐసీయూ) దాకా నడుద్దాం. నేనూ వస్తాను" అన్నారు.

మర్నాడు 1,240 గ్రాముల పాప. ఓటీలో బయల్దేరేటప్పుడు ఒంటి వేడి 36.6 డిగ్రీల సెల్సియస్. లిఫ్ట్ రాలేదు. మేడమ్ వాచీ చూస్తున్నారు, ఒక్క మాట లేదు. మూడు నిమిషాలు. పైకొచ్చి వార్మర్ మీద పడుకోబెట్టి చంకలో థర్మామీటర్ పెడితే 35.6! 36.5కి తగ్గకూడదని నువ్వూ నేనూ ఎన్నిసార్లు వల్లించాం... అదే మన "లైబ్రరీ మెట్ల సిలబస్"!

మేడమ్ పాప టోపీ తీసి నా చేతిలో పెట్టారు. తడిగా, చల్లగా ఉంది. ఉమ్మనీటి తడి అది. బిడ్డని తుడిచారు, టోపీ మార్చలేదు. పక్కనున్న సిస్టర్, "ఓటీలో రెండో టోపీ ఉండదు సార్, ఎప్పుడూ ఇంతే" అంది. మేడమ్ నా వైపు తిరిగి, "రాసుకో. రేపు పేపర్ వస్తే ఈమె పేరు కూడా ఉండాలి" అన్నారు. సిస్టర్ కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకూ... సరే, వదిలేయ్.

ఆ సాయంత్రం కూర్చోబెట్టి కంగారూ కేర్ ట్రయల్ పేపర్ చదివించారు. 2021లో వచ్చింది, 5 దేశాలు, తక్కువ బరువుతో పుట్టిన 3,211 మంది పిల్లలు, మన ఢిల్లీ సఫ్దర్‌జంగ్ కూడా ఉంది. పుట్టిన వెంటనే తల్లి గుండెకి ఆనించి ఉంచితే 28 రోజుల్లో మరణాలు 15.7 శాతం నుంచి 12 శాతానికి తగ్గాయి. "ఇందులో ఖరీదైన మిషన్ ఏముంది చెప్పు" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత శాంపుల్ సైజు లెక్క నా చేతే మూడుసార్లు కట్టించారు. రాత్రి పది దాటినా విసుక్కోలేదు. గైడ్ అంటే ఇలా ఉంటారని నాకు ముప్పై రెండేళ్లకి తెలిసింది రా.

ఇప్పుడు నా టాపిక్ ఓటీ నుంచి ఎన్ఐసీయూ దాకా బిడ్డ ఎక్కడ చల్లబడుతోంది అన్నదే. ఎథిక్స్ కమిటీ వచ్చే వారం. టెన్షన్ ఉంది కానీ

ఓటీ నుంచి ఫోన్. 29 వారాలకే పుడుతున్న బిడ్డట. పొడి టోపీలు నా జేబులోనే ఉన్నాయి, వెళ్తున్నా.

నీ
రాజు